తాళంచెవి దొంగ దగ్గర, మెమో గుమాస్తా చేతిలో!



అండమాన్ దీవులలో పనిచేస్తున్న మన సభ్యుడొకరు మాకొక ఉత్తరం వ్రాశారు. ఒకనాటి ఉదయం కార్యాలయం తెరచి కంప్యూటరు ముందు కూర్చోగానే, నిన్నటిదాకా సక్రమంగా ఉన్న ఫైళ్ళన్నీ పేర్ల తోకలు మారి కనిపించినవట. ఏ ఫైలును తెరవబోయినా అర్థంకాని అక్షరాల గుట్టయే తప్ప జీతాల పట్టిక లేదు, సెలవుల లెక్క లేదు, పింఛను కాగితాల నకళ్ళు లేవు. తెర మీద ఒక చీటీ మాత్రం ఉన్నది: మీ ఫైళ్ళకు తాళం వేశాము, ఇంత సొమ్ము ఇన్ని గంటలలోపల పంపితే తాళంచెవి ఇస్తాము అని. పై కార్యాలయం వారు ఫోనులో సెలవిచ్చిన మొదటి చికిత్స, యంత్రాన్ని ఆపి మళ్ళీ వేయడం. రెండవ చికిత్స, డిస్కును పూర్తిగా తుడిచివేయడం. మూడవ చికిత్స యంత్రానికి కాదు, మనిషికి జరిగింది. అజాగ్రత్త వలన కలిగిన ఈ నష్టానికి నీపై చర్య ఎందుకు తీసుకొనరాదో తెలుపవలసినదని ఒక మెమో వచ్చింది.

ఆ సోదరుడు మమ్ములను రెండు ప్రశ్నలు అడిగారు. ఈ తాళాన్ని పగులగొట్టి ఫైళ్ళను విడిపించడం సాధ్యమా? ఈ తాళం పడడానికి బాధ్యుడు నేనేనా? ఈ రెండు ప్రశ్నలు ఆ ఒక్కరివి కావు. రైల్వేలలోను తపాలా శాఖలోను కంప్యూటరు ముందు కూర్చొనే ప్రతి ఉద్యోగివి. అందుచేత ఇక్కడనే, అందరి ఎదుట సమాధానం చెబుతున్నాము.

ఇది ఎటువంటి తాళం?

ఆ దీవులలోనే దీనికొక పోలిక ఉన్నది. 1896లో మొదలై 1906లో పూర్తయిన సెల్యులార్ జైలును చూచినవారికి అక్కడి కొట్ల గడియ గుర్తుండే ఉంటుంది. తలుపుకు గడియ ఉన్నది గాని, అది తలుపు మీద లేదు. ఇనుప కడ్డీ తలుపును దాటి పక్కగోడలోని గూటిలోకి పోతుంది, తాళం ఆ గూటిలో పడుతుంది. లోపలి ఖైదీ ఊచల మధ్య నుండి చేయి ఎంత చాచినా గడియ అందదు. తాళంచెవిని కొట్టులోకి విసిరినా అతనికి ప్రయోజనం లేదు. తలుపు అతని ముందే ఉన్నది, విడుదల మాత్రం అతని చేతికి అందని చోట ఉన్నది.

రాన్సమ్‌వేర్ అనే దొంగ ప్రోగ్రాము సరిగ్గా ఇదే పద్ధతిలో పనిచేస్తుంది. యంత్రంలో చొరబడగానే అది రహస్య సంఖ్యలను పుట్టించి, వాటితో ఫైళ్ళను గూఢలిపిలోకి మార్చుతుంది. తరువాత ఆ రహస్య సంఖ్యలను మరొక పెద్ద తాళంలో పెట్టి మూసివేస్తుంది. ఈ పెద్ద తాళానికి రెండు చెవులు. మూయడానికి మాత్రమే పనికివచ్చే చెవి మన యంత్రంలో ఉంటుంది. తెరిచే చెవి సముద్రాలకు ఆవల దొంగ దగ్గర ఉంటుంది. 2017లో ప్రపంచాన్ని వణికించిన వానాక్రై వాడిన పెద్ద తాళం 2,048 బిట్లది. అనగా 617 అంకెల సంఖ్య ఒకదానిని, అది ఏ రెండు ప్రధాన సంఖ్యలను గుణించగా వచ్చినదో కనుగొంటే తప్ప తెరుచుకోనిది. 2020 ఫిబ్రవరిలో పరిశోధకులు ఇటువంటి 250 అంకెల సంఖ్యను విడదీశారు. అందుకు పట్టిన శ్రమ, ఒకే ఒక ప్రాసెసర్ కోరు మీద లెక్కవేస్తే, దాదాపు 2,700 సంవత్సరాలు. 250 అంకెలకే ఇంత అయితే 617 అంకెలకు ఎంతో ఊహకు కూడా అందదు.

కాబట్టి "మా దగ్గర నిపుణులున్నారు, ఎటువంటి తాళాన్నయినా పగులగొడతారు" అని ఎవరైనా అంటే నమ్మవద్దు. సక్రమంగా వేసిన తాళాన్ని బలంతో పగులగొట్టగల యంత్రం నేడు ఎవరివద్దా లేదు. ఈ మాట చేదుగా ఉన్నా ముందుగా దీనిని ఒప్పుకోవాలి. ఒప్పుకోని చోటనే మోసగాళ్ళు దుకాణం తెరుస్తారు.

మరి తాళాలు ఎన్నడూ తెరుచుకోలేదా?

తెరుచుకొన్నాయి. అయితే గొడ్డలిపెట్టుతో కాదు, మూడు దారులలో.

మొదటి దారి, దొంగ చేసిన పొరపాటు. వానాక్రై దాడి జరిగిన వారం రోజులలోనే ఆడ్రియన్ గినే అనే ఫ్రెంచి పరిశోధకుడు ఒక విషయం కనుగొన్నాడు. తాళంచెవిని తయారుచేయడానికి వాడిన ప్రధాన సంఖ్యలు కొన్ని పాత విండోస్ యంత్రాల జ్ఞాపకంలో చెరిగిపోకుండా మిగిలిపోతున్నవి. వాటిని ఏరి తీసుకొంటే చెవి దొరికినట్లే. బెంజమిన్ డెల్పీ దీనిని మరింత సులభమైన సాధనంగా మలిచాడు. కానీ ఒక షరతు ఉన్నది. దాడి తరువాత యంత్రాన్ని ఆపి ఉండకూడదు. ఆపితే జ్ఞాపకం చెరిగిపోతుంది, దానితో చెవీ పోతుంది. ఇప్పుడు చెప్పండి: "ఆపి మళ్ళీ వేయండి" అని ఫోనులో ఆజ్ఞాపించినవారు ఏమి చేసినట్లు? ఆ సోదరుని యంత్రంలో చెవి మిగిలి ఉన్నదని మేము అనడం లేదు. ఉన్నదో లేదో చూచే అవకాశాన్ని కూడా మిగల్చలేదని అంటున్నాము.

స్టాప్ అనే మరొక తెగ ప్రోగ్రాము ఉన్నది. దొంగ సాఫ్ట్‌వేర్ వెంట వచ్చి సామాన్యుల యంత్రాలను పట్టే రకం అది. తన యజమాని సర్వరుతో మాట్లాడలేకపోయినప్పుడు అది తనలోనే దాచుకొన్న ఒక సిద్ధ తాళాన్ని వేస్తుంది. ఆ రూపానికి చిక్కినవారిలో అటువంటి వారందరికీ ఆ తాళమే. ఒకరి చెవి దొరికితే అందరి తలుపులూ తెరుచుకొంటాయి. 2019 అక్టోబరులో ఎమ్సీసాఫ్ట్ అనే సంస్థ దానిలోని 148 రూపాలకు ఉచితంగా తాళం తీసే సాధనాన్ని విడుదల చేసింది.

రెండవ దారి, దొంగ ఇంటిని సోదా చేయడం. హైవ్ అనే ముఠా సర్వర్లలోకి అమెరికా పోలీసులు 2022 జూలైలో రహస్యంగా ప్రవేశించి, 2023 జనవరిలో ఆ ముఠాను మూసివేసేలోపల, దాడికి గురవుతున్న 300 పైచిలుకు సంస్థలకు చెవులు అందించారు. అంతకుముందే నష్టపోయిన 1,000 మందికి పైగా కూడా పంచిపెట్టారు. లాక్‌బిట్ అనే పెద్ద ముఠా సరంజామాను 2024 ఫిబ్రవరిలో బ్రిటిషు, అమెరికా తదితర దేశాల పోలీసులు కలసి పట్టుకొన్నారు. తమవద్ద 7,000 పైచిలుకు చెవులు ఉన్నవని, బాధితులు వచ్చి అడగవలసినదని అదే సంవత్సరం జూన్‌లో అమెరికా పోలీసులు ప్రకటించారు. 2016 జూలైలో డచ్చి పోలీసులు, యూరోపోల్, రెండు భద్రతా సంస్థలు కలసి "నో మోర్ రాన్సమ్" అనే ఉమ్మడి ప్రయత్నం ప్రారంభించాయి. 2022 నాటికి అందులో 136 ఉచిత సాధనాలు ఉన్నవని, 15 లక్షల మందికి పైగా సహాయం అందినదని యూరోపోల్ తెలిపింది.

దీని అర్థమేమి? ఈనాడు తెరుచుకోని తాళం రేపు తెరుచుకోవచ్చు. కానీ డిస్కును తుడిచివేసినవాని ఇంటికి రేపు చెవి వచ్చినా వేయడానికి తాళమే ఉండదు. తాళం పడిన డిస్కును ముద్ర వేసి బీరువాలో భద్రపరచడానికి ఖర్చు ఏముంటుంది? దానిని తుడిపించినవారు ఆ పాటి ఆలోచన చేయలేదు.

మూడవ దారి అన్నిటికంటె నమ్మకమైనది, అన్నిటికంటె అలక్ష్యానికి గురైనది. తాళం పడకముందే వేరొకచోట దాచుకొన్న ప్రతి. 2022 నవంబరు 23న ఢిల్లీ ఎయిమ్స్ ఆసుపత్రిలో అయిదు సర్వర్లకు తాళం పడింది. దాదాపు 1.3 టెరాబైట్ల సమాచారం బందీ అయింది. రోజుల తరబడి రోగుల నమోదు కాగితాల మీద జరిగింది. చివరకు ఆ ఆసుపత్రిని గట్టెక్కించినది ఏ మాంత్రికుడూ కాదు, దాడి తగలని ఒక బ్యాకప్ సర్వరు. ఈ సంగతిని ప్రభుత్వమే పార్లమెంటులో చెప్పింది. 2016 నవంబరులో శాన్ ఫ్రాన్సిస్కో నగర రైలు రవాణా సంస్థకు తాళం పడినప్పుడు, అక్కడివారు స్టేషను గేట్లను తెరచి ప్రయాణికులను ఉచితంగా పంపారు. దొంగలకు సొమ్ము కట్టలేదు. తమ ప్రతుల నుండే యంత్రాలను నిలబెట్టుకొన్నారు.

"సొమ్ము కట్టి వదిలించుకొందాము" అనేవారికి

ఈ సలహా ఇచ్చేవారు తాము ఆచరణవాదులమని అనుకొంటారు. ఆచరణలో ఏమి జరిగిందో చూతము. 2021 మే నెలలో అమెరికాలోని కలోనియల్ చమురు గొట్టాల కంపెనీ 75 బిట్‌కాయిన్లు, అనగా సుమారు 44 లక్షల డాలర్లు కట్టింది. దొంగలు ఇచ్చిన సాధనం ఎంత నత్తనడక నడిచినదంటే, కంపెనీ తన సొంత ప్రతులతోనే పని సాగించవలసి వచ్చింది. ఏ చొరబాటుకు ఈ మూల్యం? ఎవరూ వాడకుండా వదిలేసిన ఒక పాత ఖాతా పాస్‌వర్డు దొంగలకు దొరకడం వలన.

తాళం తీసే నిపుణులమని బోర్డు కట్టుకొన్న దళారుల మాట ఇంతకంటె ఘోరం. తమ సొంత విద్యతో ఫైళ్ళను విడిపిస్తామని చెప్పుకొన్న అమెరికన్ సంస్థలు, ఖాతాదారులకు తెలియకుండా దొంగలకే సొమ్ము కట్టి, దానిపై తమ లాభం వేసుకొని బిల్లు వేస్తున్నవని ప్రోపబ్లికా పత్రిక 2019లో బయటపెట్టింది. ఎదిరిస్తున్నామని చెప్పి దొంగకు పద్దు తెరిచిన ఈ వ్యాపారాన్ని ఏమనాలి?

తపాలా సోదరులు మరొక ఉదాహరణ గుర్తుంచుకోవాలి. 2023 జనవరిలో బ్రిటన్ రాయల్ మెయిల్ మీద లాక్‌బిట్ ముఠా దాడి చేసింది. విదేశీ తపాలా నిలిచిపోయింది. విదేశాలకు ఏదీ పోస్టు చేయవద్దని సంస్థ ప్రజలను వేడుకొన్నది. ముఠా అడిగినది 8 కోట్ల డాలర్లు. సంస్థ ఇవ్వలేదు. వారాల తరబడి కష్టపడి సేవలను ఒక్కొక్కటిగా పునరుద్ధరించుకొన్నది. సంవత్సరం తిరగగానే ఆ ముఠా సర్వర్లే పోలీసుల చేతిలో పడినవి. నేడు మనం కట్టే ప్రతి రూపాయి రేపు మరొక తపాలా కార్యాలయం మీద, మరొక స్టేషను మీద పడే దొంగకు పెట్టుబడి అవుతుంది.

బాధ్యుడు ఎవరు?

ఇక రెండవ ప్రశ్న. "గుమాస్తా ఏదో నొక్కాడు, అందుచేతనే తాళం పడింది." పరిపాలనా వర్గానికి ఇంతకంటె చౌకయైన వివరణ లేదు. మోసపు ఉత్తరాలతో మొదలయ్యే దాడులు ఉన్నవి, కాదనము. కానీ నెట్‌వర్క్ అంతటికీ తాళం పడిన చోట ఒక్కని వేలును మాత్రమే చూపడం న్యాయం కాదు, విచారణ అంతకంటె కాదు.

2017 మే 12న వానాక్రై బయలుదేరి 150 దేశాలకు పాకింది. జర్మనీ రైల్వే స్టేషన్లలో రైళ్ళ రాకపోకలు చూపే పలకల మీద దాని చీటీ ప్రత్యక్షమైనది. మన ఆంధ్రప్రదేశ్‌లో చిత్తూరు, కృష్ణా, గుంటూరు, విశాఖపట్నం, శ్రీకాకుళం జిల్లాలలోని 18 పోలీసు యూనిట్ల కంప్యూటర్లు దాని బారిన పడినవి. దక్షిణ రైల్వే పాలక్కాడ్ డివిజను కార్యాలయంలో పర్సనల్, అకౌంట్స్ శాఖల యంత్రాలకూ అది సోకింది. ఈ వానాక్రై వ్యాపించడానికి ఎవరూ ఏ లింకునూ నొక్కనవసరం లేకపోయింది. ఒక యంత్రం నుండి మరొక యంత్రానికి నెట్‌వర్క్ తీగల మీదుగా తనంతట తానే పాకింది. ఆ రంధ్రాన్ని పూడ్చే మరమ్మతును మైక్రోసాఫ్ట్ 2017 మార్చి 14న, అనగా రెండు నెలల ముందే విడుదల చేసి ఉన్నది. అది వేయించవలసినవారు గుమాస్తాలా, గార్డులా, సార్టర్లా?

ఆ రంధ్రం సంగతి అంతకుముందే ఎరిగినవారు మరొకరు ఉన్నారు. అమెరికా జాతీయ భద్రతా సంస్థ దానిని కనుగొని, ప్రపంచానికి చెప్పక, తన ఆయుధంగా దాచుకొన్నది. ఆ ఆయుధం దొంగలపాలై 2017 ఏప్రిల్‌లో బజారున పడింది. ఒక రాజ్యం దాచిన రహస్యానికి ఆసుపత్రులు, పోలీసు స్టేషన్లు, రైల్వే కార్యాలయాలు మూల్యం చెల్లించినవి. పెద్దలు చేసిన పాపానికి పిన్నలకు మెమోలు!

ఎయిమ్స్ విషయంలో నెట్‌వర్క్ విభజన సరిగా లేకపోవడమే చొరబాటుకు తావిచ్చినదని ప్రభుత్వ సమాధానమే చెప్పింది. నెట్‌వర్క్‌ను విభజించడం విధానం నిర్ణయించేవారి పని, దానికి డబ్బు మంజూరు చేసేవారి పని. కానీ దాడి జరిగిన కొద్ది రోజులకే ఇద్దరు సిస్టమ్ అనలిస్టులను సస్పెండు చేసినట్లు పత్రికలు వ్రాశాయి. వేటు ఎప్పుడూ కింది మెట్టు మీదనే పడడం యాదృచ్ఛికమని మమ్ములను నమ్మమంటారా?

తీగ వచ్చింది, రక్షణ రావాలి

2020 ఆగస్టు 10న చెన్నై నుండి దీవులకు సుమారు 2,300 కిలోమీటర్ల సముద్రగర్భ కేబులు ప్రారంభమైనది. నేడు శ్రీ విజయపురంగా పేరు మారిన పోర్ట్ బ్లెయిర్‌కే గాక కార్ నికోబార్, కమోర్టా, గ్రేట్ నికోబార్, లిటిల్ అండమాన్ వంటి దీవులకూ అది చేరింది. అంతకుముందు ఉపగ్రహపు సన్నని దారే వారికి ఆధారం. తీగ రావడాన్ని మేము స్వాగతించాము. కానీ తీగ మీద మనీయార్డరు వచ్చినంత వేగంగా దొంగ కూడా వస్తాడు. అక్కడి తపాలా డివిజను పశ్చిమ బెంగాల్ సర్కిల్ కింద ఉన్నది. కలకత్తాకూ దీవులకూ నడుమ సముద్రం ఉన్నది. దొంగ క్షణంలో వచ్చే చోటికి సహాయం ఓడ మీద వస్తే సరిపోతుందా?

ఉన్నదంతా ఒకేచోట దాచుకొంటే ఏమవుతుందో ఆ దీవులకు ఎవరూ నేర్పనవసరం లేదు. 2004 డిసెంబరు 26న సునామీ నేర్పిపోయింది. ఈ సూత్రం మన శాఖలకూ తెలియనిది కాదు. తపాలా శాఖ తన ప్రధాన డేటా కేంద్రాన్ని నవీ ముంబైలో నెలకొల్పినప్పుడు, విపత్తు వేళకు ఆదుకొనే జోడు కేంద్రాన్ని మైసూరులో ఏర్పాటు చేసుకొన్నది. పెద్ద పద్దుకు రెండు ఊళ్ళలో రెండు ప్రతులు కావలసివచ్చినప్పుడు, దీవిలోని చిన్న కార్యాలయంలో ఒక ఉద్యోగి సర్వీసు లెక్కకు, ఒక వితంతువు పింఛను కాగితానికి రెండవ ప్రతి ఎందుకు అక్కరలేదు? నిధులు లేవంటారా? ఒక అదనపు డిస్కు వెల ఎంత? ఫైళ్ళు పోయి జీతం ఆగిన నెలలో ఒక కుటుంబం చేసే అప్పు ఎంత?

కావున మేము ఈ క్రింది విధంగా డిమాండ్ చేస్తున్నాము:

ఒకటి: ప్రతి కార్యాలయపు ఫైళ్ళకు మూడు ప్రతులు ఉండాలి. అందులో ఒకటి వేరొక ఊరిలో, ఒకటి ఏ తీగకూ తగిలించకుండా ఉండాలి. మూడు నెలలకొకసారి ఆ ప్రతిని నిజంగా తెరచి చూచి సంతకం చేయాలి. తెరచి చూడని ప్రతి, ప్రతి కాదు.

రెండు: భద్రతా మరమ్మతులు సకాలంలో వేయాలి. విండోస్ 10కు సాధారణ మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. రక్షణ ఏర్పాటు లేకుండా అటువంటి యంత్రాల ముందు ఉద్యోగులను కూర్చోబెట్టరాదు.

మూడు: దీవులలోనే నివసించే, శిక్షణ పొందిన శాశ్వత సాంకేతిక సిబ్బందిని నియమించాలి.

నాలుగు: మొదటి గంటలో చేయవలసిన పని తెలుగు, హిందీ, బెంగాలీ, తమిళం తదితర భాషలలో ప్రతి యంత్రం పక్కన అంటించాలి. ముందు నెట్‌వర్క్ తీగ పీకండి. యంత్రాన్ని ఆపవద్దు, తీగ తొలగించడం సాధ్యం కానప్పుడు మాత్రమే ఆపండి. చీటీని ఫోటో తీయండి. తాళం పడిన డిస్కును తుడవవద్దు, భద్రపరచండి. ఇటువంటి ఘటనను ఆరు గంటలలోపల సెర్ట్-ఇన్‌కు తెలుపవలెనని 2022 ఏప్రిల్ 28 నాటి ఆదేశం ఉన్నది. ఆ బాధ్యత పై అధికారులది, కౌంటరు ఉద్యోగిది కాదు.

అయిదు: దొంగలకు గాని, దళారులకు గాని పైసా కట్టరాదు.

ఆరు: సాంకేతిక విచారణ పూర్తి కాకుండా, ఉద్యోగుల ప్రతినిధి ఎదుట నివేదిక పెట్టకుండా ఏ ఉద్యోగికీ మెమో ఇవ్వరాదు. ఇచ్చిన మెమోలను ఉపసంహరించుకోవాలి.

అడిగే హక్కు ఉన్నవారికి చేయవలసిన విధి కూడా ఉన్నది. సభ్యులతో ఈ మాట దాచకుండా చెబుతున్నాము. రద్దీ వేళ పాస్‌వర్డును పక్కవారికి చెప్పడం, ఇంటి పెన్‌డ్రైవును కార్యాలయపు యంత్రానికి తగిలించడం, ఊరు పేరు లేని ఉత్తరపు జతను తెరవడం మానుకోవాలి. ఒక మనిషి చేత ముగ్గురి పని చేయించడం వలననే ఈ అలవాట్లు పుట్టినవని మాకు తెలియును. ఆ భారం మీద పోరాడదాము. కానీ మన చేతితో మన తలుపు తీయవద్దు.

సెల్యులార్ జైలు గడియ ఏ ఒక్క ఖైదీ చేతికీ అందలేదని మొదట చెప్పాము. 1937 జూలైలో అక్కడి రాజకీయ ఖైదీలు కలసికట్టుగా నిరశన పూనినారు. దేశం నలుమూలలా వారికి మద్దతు లేచింది. 1938 జనవరి నాటికి వారందరూ స్వదేశపు గడ్డకు తరలివచ్చారు. గడియ మారలేదు, గోడ మారలేదు. లోపలివారూ బయటివారూ ఒక్కటైనారు, అంతే. ఉత్తరం వ్రాసిన సోదరునికి మేము చెప్పేది కూడా అదే. నీ ఫైళ్ళ తాళం ఎప్పటికి తెరుచుకొంటుందో మేము మాట ఇవ్వలేము. నీ మీద పడిన మెమోకు మాత్రం నీవొక్కడవే జవాబు వ్రాయనక్కరలేదు. ఆ జవాబు మనమందరమూ కలసి వ్రాద్దాము.